అద్దం మీద చాటన్

కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పెంటయ్య బొటనవేలంటే భయం. ఆ భయం ముప్పై ఒక్క ఏళ్లు నడిచింది.

కార్ఖానాలో అతని పని చాటన్. ఆడవాళ్లు ఇళ్లలో చుట్టిన బీడీలు గంపల్లో తెచ్చి ముందు పోస్తే, మంచివి ఒకవైపు, పనికిరానివి ఒకవైపు వేరుచేయడం. ఇరవై ఐదు బీడీల కట్టను ఎడమచేత్తో పట్టుకుని, మూతుల మీద కుడి బొటనవేలు ఒక్కసారి నడిపేవాడు. చూసేవాడు కాదు. ఎదుటివాళ్లతో మాట్లాడుతూనే ఉండేవాడు. ఎక్కడ తంబాకు తక్కువైందో, ఎక్కడ ఆకు వదులైందో వేలు ఆగిపోయేది. ఆగిన చోట బీడీ బయటికి వచ్చేది.

"గా వేలు ఇరుగ! మా కట్టల మీదనే ఆగుతది" అని తిట్టేవాళ్లు ఆడవాళ్లు.

"మీ కట్టలె కాదు, నా కట్టలు గూడ ఇసిరికొట్టిండు, పెండ్లయిన నెలకే" అనేది అతని భార్య కనకవ్వ. అది గొప్పగా చెప్పేదో, కోపంగా చెప్పేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పని మానేసి మూడేళ్లయింది. కానీ వేలు మానలేదు. మార్కెట్లో వంకాయ దగ్గర, ఇంట్లో బియ్యం దగ్గర, బస్సులో పక్కవాడి సంచి కుట్టు దగ్గర కూడా అది నడుస్తూనే ఉండేది.

వాళ్ల ఒక్కతే బిడ్డ కల్యాణి జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు గురి కుదిరింది. అప్పటి నుంచి ఎయిర్ పిస్తోలు కొడుతోంది. జగిత్యాలలో జాన్ సార్ అనే రిటైర్డ్ హవల్దారు పాత గోదాము ఒకటి తీసుకుని పది మీటర్ల రేంజి పెట్టాడు. ఆయనది పెగడపల్లి. మిలటరీలో ఉన్నన్నాళ్లూ తుపాకుల దగ్గరే బతికిన మనిషి. ఆ రేంజిలో పోటీకి పనికొచ్చే పిస్తోలు ఒక్కటే. దాని మీద కల్యాణిది మొదటి హక్కు. కానీ ఆ హక్కుకు గడువు దగ్గరపడింది.

పోటీలో అరవై తూటాలు. ఒక్కోదానికి పది. మొత్తం ఆరు వందలు. రాష్ట్ర జట్టు ఎంపికకు వెళ్లాలంటే ఐదు వందల నలభై రావాలి. కల్యాణి మూడు పోటీలు కొట్టింది. ఐదు వందల ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు.

"సిరిసిల్ల పోటీ ఆఖరుది, అమ్మా" అన్నాడు జాన్ సార్. "గా పోటీల గిట్ట నలభై రాకపోతే పిస్తోలు ఇంకొకల చేతికి ఇయ్యాలె. నా మనసుకు మంచిగనిపియ్యది గనీ, వరుసల నిలబడ్డోళ్లు ఉన్నరు."

కల్యాణి ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. ఏడవలేదు. అన్నం మాత్రం సగమే తిన్నది.

పెంటయ్యకు పిస్తోలు సంగతి తెలియదు. కానీ ఆ ఆదివారం బిడ్డతో పాటు జగిత్యాల వెళ్లి గోదాములో ఒక మూల కూర్చున్నాడు. కల్యాణి ఒక గుండ్రటి రేకు డబ్బా తెరిచింది. లోపల ఐదు వందల సీసపు తూటాలు. ఒక్కోటి బియ్యపు గింజంత పొడుగు. ముందు చదును, నడుమ సన్నం, వెనుక లంగా అంచులా విచ్చుకున్న భాగం. బుడబుక్కలవాడి చేతిలోని ఢమరుకాన్ని చీమకు ఇచ్చినట్టున్నాయి. ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి, చేతికి దొరికింది తీసి, పిస్తోలులో పెట్టి కొట్టింది.

పెంటయ్య లేచి నిలబడ్డాడు.

"గిదేంది బిడ్డా, గీటిని ఎవలు చాటన్ చేసిండ్రు?"

"చాటన్ ఏంది బాపూ? డబ్బ తీస్తం, కొడ్తం."

"ఎవలు చెయ్యలేదా?" అతనికి నమ్మబుద్ధి కాలేదు. "పది పైసల బీడీని గూడ చాటన్ చెయ్యక జనం మీదికి తోలలేదు మేము. నీ బతుకు దీని మీద ఉంటే, దొరికింది దొరికినట్టు పెడ్తున్నవా?"

జాన్ సార్ నవ్వాడు. "పెంటన్నా, మాట ఖరాబు లేదు. పెద్ద తుపాకుల తూటాలు తమకు తామే కూర్చుకునెటోళ్లు పోటీలకు ఎంత చూసుకుంటరో ఎరుకేనా? మందు ఎంత, గా మందును అంటించే చిన్న క్యాపు ఏ లాటుది, అన్నీ ఏరుకుంటరు. గీ పిస్తోలుల మందు లేదు, నిప్పు లేదు. గాలి, సీసం. గండ్ల మన చేతుల ఉన్నది సీసం ఒక్కటే."

"అయితె గా ఒక్కటి నాకు ఇడువుండ్రి" అన్నాడు పెంటయ్య.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఇంటి అరుగు మీద తెల్లగుడ్డ పరచి డబ్బా వంచాడు. ముప్పై ఒక్క ఏళ్ల పని ఇది. చేతికి నేర్పాల్సిన పని లేదు. ఒక్కో తూటాను చూపుడువేలికీ బొటనవేలికీ నడుమ పెట్టి నొక్కి చూశాడు. గట్టిగా ఉన్నది మంచిది. మెత్తగా తగిలింది పక్కకు. రెండు గంటల్లో రెండు వందల మంచివి ఏరి, చిన్న సీసాలో పోసి బిడ్డ చేతిలో పెట్టాడు.

"పో. ఇగ సూడు."

మరునాడు బడి అయ్యాక కల్యాణి వాటితో అరవై కొట్టింది. ఐదు వందల ఇరవై ఎనిమిది వచ్చింది. ఇంత తక్కువ ఆమె రెండేళ్లలో కొట్టలేదు.

జాన్ సార్ సీసాలోంచి నాలుగు తీసి భూతద్దం కింద పెట్టాడు. తర్వాత కోరుట్లకు ఫోన్ చేశాడు.

"పెంటన్నా, వీటిని పిసికినవా?"

"పిసుకుడేంది సార్, చాటన్ చేసిన."

"సీసం అన్నా గది. వెన్న తీరు ఉంటది. వెనుక అంచు గుండ్రంగ ఉంటేనే నళీల సక్కగ కూసుంటది. నువ్వు రెండు వందలను కోడిగుడ్లు చేసినవ్."

ఫోన్ పెట్టేసి పెంటయ్య తన బొటనవేలిని చాలాసేపు చూసుకున్నాడు. అంతకాలం అది తప్పు చెప్పలేదు. ఇప్పుడూ తప్పు చెప్పలేదేమో. తప్పు చేసింది.

కనకవ్వ ఊరుకుంటుందా? "ముప్పై ఏండ్లు ఆడోళ్ల ఉసురు పోసుకున్నవ్. గిప్పుడు గా వేలు నీ బిడ్డ మీదనే వడ్డది" అంది. ఆ వెంటనే చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "పోనీ తియ్యి. వేలుతోటి కాకుంటె ఇంకోతీరు లేదా ఏంది చూసుడు?" అంది.

ఆ మాట పెంటయ్యలో నాటుకుంది. బీడీని వేలుతో చూస్తాం, ఎందుకంటే బీడీ నొక్కితే మళ్లీ లేస్తుంది. సీసం లేవదు. కాబట్టి ముట్టకుండా చూడాలి. ముట్టకుండా చూడటం ఎలా?

రెండో రోజు గోడకున్న పెళ్లి ఫోటో దించాడు. వెనుక అంచు గుండ్రంగా ఉందో లేదో తెలియడానికి తూటాను అద్దం మీద నిలబెట్టి చూద్దామని అతని ఆలోచన. డబ్బాలో తను ఇంకా పిసకని తూటాలు నాలుగు తీసి ఫోటో అద్దం మీద పెట్టాడు. ఒకటి పడి దొర్లింది. నేరుగా దొర్లలేదు. ముందు భాగం కాస్త చిన్నది, వెనుక అంచు కాస్త పెద్దది కాబట్టి కొడవలి వంపులా తిరిగి వెళ్లి అంచు దగ్గర ఆగింది. రెండోదాన్ని దొర్లించాడు. అదే వంపు, అదే చోటు. మూడోది కూడా. తను పిసికిన సీసాలోంచి ఒకటి తీసి దొర్లించాడు. అది కుంటి మేకపిల్లలా ఎగిరెగిరి పక్కకు పడిపోయింది.

పెంటయ్య రెండు రకాలవీ కలిపి ఇంకో పది దొర్లించాడు. పదీ నిజం చెప్పాయి.

"మన పెండ్లి ఫోటువ మీద గా సీసం ఏందయ్యా?" కనకవ్వ వంటింట్లోంచి అరిచింది.

"మనం ముప్పై మూడేండ్లు గోడకున్నం గద. జర పని చేస్తం తియ్యి" అన్నాడు.

ఫ్రేములోంచి అద్దం తీసి, ఒకవైపు కింద అగ్గిపెట్టె పెట్టి ఏటవాలు చేశాడు. కింది అంచు దగ్గర సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. ఆ గీతల నడుమకు వచ్చింది మంచిది. గీత దాటింది పక్కకు. తూటా తీయడానికి చిన్న చిమటా. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని జాన్ సార్ చెప్పాడు. అది మరిచిపోతే కనకవ్వ గుర్తుచేసేది, గట్టిగా.

కానీ జాన్ సార్ ఇంకో చిక్కు చెప్పాడు. "ఒకటే కంపెనీ, ఒకటే సైజు అని డబ్బ మీద రాసి ఉంటది. అయినా ఒక్కపారి పోసిన సరుకు ఒక లాటు, లాటు లాటుకు తేడా. గీ పిస్తోలుకు ఏ లాటు పడ్తదో పిస్తోలే చెప్పాలె. మనిషి చేతితోటి కొడ్తే చేతి వణుకు కలుస్తది. పిస్తోలును కదలకుంట పట్టేది ఒకటి ఉండాలె."

దానికి పెంటయ్య సిరిసిల్ల బస్సెక్కాడు. కనకవ్వ తమ్ముడు నరేశ్ అక్కడ సాంచాలు బాగుచేస్తాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. బుర్రుమని ఊరంతా ఒక్క మోతగా కొట్టుకుంటుంటే, ఏ సాంచ మోత తేడాగా ఉందో వీధి చివర నుంచే చెప్పగలడు నరేశ్. బావ చెప్పింది విని అతను ఒక్క ప్రశ్నే అడిగాడు.

"ఎంత కదలొద్దు బావా?"

"అసలే కదలొద్దు."

"అట్లయితె నాకు ఇడిసిపెట్టు. సాంచల షటిల్ ఒక్క నూలుపోగంత తప్పినా బట్ట ఖరాబైతది. రోజు చేసే పనే గద."

మూడు రోజుల్లో పాత సాంచ ఇనుప దిమ్మెకు రెండు దవడలు బిగించి, లోపల షటిల్‌ను కొట్టే తోలుపట్టీ ముక్కలు అతికించి తెచ్చాడు. పిస్తోలుకు గీత పడకుండా తోలు, కదలకుండా ఇనుము. ముప్పై కిలోల ఆ దిమ్మెను కథలాపూర్ మీదుగా బస్సులో కోరుట్లకు తెచ్చి, అక్కడి నుంచి జగిత్యాలకు చేర్చాడు. కండక్టరు దాన్ని చూసి, "గిదేందన్నా, పిండి గిర్నీయా?" అని అడిగితే, "కాదు, మా కోడలు పిల్ల చెయ్యి" అన్నాడట.

ఆదివారం గోదాములో నలుగురూ నిలబడ్డారు. బల్ల మీద నాలుగు డబ్బాలు, నాలుగు లాట్లు. ఒకటి, కల్యాణి ఇన్నాళ్లూ కొట్టినది, వెండిలా మెరుస్తోంది. ఒకటి మసిబారినట్టు నల్లగా ఉంది. జాన్ సార్ దగ్గర మూల పడి ఉన్న పాత డబ్బా అది.

"మెరిసేదే గెలుస్తది" అన్నాడు నరేశ్.

పెంటయ్యకూ లోపల అలాగే అనిపించింది. కానీ ఈసారి నోరు తెరవలేదు.

జాన్ సార్ పిస్తోలును దిమ్మెలో బిగించి, ఒక్కో లాటుతో ఐదేసి తూటాలు కొట్టాడు. ఒక్కో లాటుకు మూడుసార్లు. కాగితాలు వరుసగా గోడకు గుచ్చారు. మెరిసే డబ్బా ఐదు తూటాలు కలిసి చేసిన చిల్లులో చింతగింజ పట్టేంత చోటుంది. ఇంకో రెండు లాట్లు అంతకంటే కొద్దిగా నయం. నల్ల డబ్బా మూడుసార్లూ ఒకే చిల్లు చేసింది. కందిగింజ పెడితే బిగుసుకుంటుంది.

కల్యాణి ఆ కాగితం దగ్గరికి వెళ్లి వేలుతో చిల్లు తడిమింది.

"అంటే సార్, గిన్ని దినాలు..."

"గిన్ని దినాలు నీ తొమ్మిదులల్ల కొన్ని పదులే, అమ్మా" అన్నాడు జాన్ సార్ మెల్లగా. "గీత అంచున పడ్డవి అన్నీ. తప్పు నాది గూడ ఉన్నది. నేను నీ మణికట్టును తిట్టిన గనీ డబ్బను సూడలే."

నల్ల లాటువి మూత తీయనివి ఇంకా రెండు డబ్బాలున్నాయి. పెంటయ్య వాటిని ఇంటికి తెచ్చుకుని వారం రోజులు పొద్దున పూట ఎండ బాగా పడే చోట అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. వెయ్యిలో ఆరు వందల నలభై నిలిచాయి. వాటిలోంచి పోటీకి వంద మళ్లీ దొర్లించి ఏరాడు. అంచులు ఒకదానికొకటి తగలకుండా దళసరి స్పాంజి ముక్కకు వంద చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో తూటా పెట్టాడు. ఆ స్పాంజిని పాత బీడీ కట్టల అట్టపెట్టెలో ఇమిడ్చాడు.

సిరిసిల్లలో పోటీ పెట్టిన హాలు బయట ఉదయం నుంచే జనం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక దుకాణదారు తలుపు దగ్గర బల్ల వేసుకుని, పోటీకి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక కొత్త డబ్బా ఉచితంగా ఇస్తున్నాడు. విదేశీ సరుకు. మూత తీస్తే కళ్లు చెదిరాయి. పిల్లలందరూ తమ డబ్బాలు సంచుల్లో పడేసి కొత్తవి చేతబట్టుకున్నారు.

అతను పెంటయ్య అట్టపెట్టెను చూశాడు. దాని మీద ఇంకా బీడీ బొమ్మ ఉంది.

"ఏంటి పెద్దాయనా, ఇందులో అగ్గిపెట్టె కూడా ఉందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కల్యాణి ఒక చేతిలో కొత్త డబ్బా, ఒక చేతిలో అట్టపెట్టె పట్టుకుని తండ్రి వైపు చూసింది. ఆమెను పిలవడానికి ఇంకా ఐదు నిమిషాలే ఉంది.

"ఏది, బాపూ?"

పెంటయ్య ఒకసారి నమ్మకంగా చెప్పి బిడ్డను ముంచినవాడు. ఆ కొత్తవి నిజంగానే గొప్పవి కావచ్చు. దొర్లించి చూడటానికి అద్దం ఇంట్లో ఉంది. బిగించి చూడటానికి దిమ్మె జగిత్యాలలో ఉంది. బొటనవేలు మాత్రం దగ్గరే ఉంది. అది కొత్త డబ్బా వైపు కదిలింది కూడా. దాన్ని పిడికిట్లో మూసేశాడు.

"గవి మంచియే కావచ్చు బిడ్డా" అన్నాడు. "గనీ గవి నీ పిస్తోలుతోటి మాట్లాడలె. ఇవి మాట్లాడినయి. నువ్వు ఇన్నవు, నేను ఇన్న."

కల్యాణి కొత్త డబ్బాను బల్ల మీద పెట్టేసింది. జాన్ సార్ దుకాణదారు భుజం తట్టాడు. "ఏమనుకోకు భాయ్. మాది చాటన్ అయిపోయింది."

పోటీ మొదలైంది. హాలు వెనుక కుర్చీల్లో పెంటయ్య, కనకవ్వ, నరేశ్, జాన్ సార్. గురి కొట్టే ఒక్కొక్కరి పైనా ఒక తెర. తూటా ఎక్కడ పడిందో, ఎంత వచ్చిందో అందులో కనబడుతుంది. కల్యాణి చిమటాతో ఒక్కో తూటా తీసి పెడుతోంది. మొదటి పదికి ఎనభై తొమ్మిది. రెండో పదికి తొంభై ఒకటి. తర్వాత తొంభై, తొంభై. ఐదో పదికి తొంభై రెండు.

"మొత్తం నాలుగు వందల యాభై రెండు" అన్నాడు నరేశ్ వేళ్లు మడుస్తూ. "ఇగ ఎనభై ఎనిమిది కావాలె బావా. అంతే."

ఆఖరు పదిలో మొదటి తూటా ఎనిమిది. రెండోది ఏడు.

కనకవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. నరేశ్ లేచి మళ్లీ కూర్చున్నాడు. పెంటయ్య బిడ్డ వీపు వైపే చూస్తున్నాడు. పాత పోటీల్లో ఇలా జరిగినప్పుడు ఆమె ఏం చేసేదో జాన్ సార్ చెప్పాడు. పిస్తోలు వైపు చూసేది, డబ్బా వైపు చూసేది, గురి చూసే ముక్కను తిప్పేది. తప్పు ఎక్కడుందో తెలియక అన్నిటినీ కదిలించేది.

ఈసారి ఆమె దేన్నీ ముట్టలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టింది. తన మణికట్టును చూసుకుంది. రెండు కాళ్లనూ కొంచెం సర్దుకుంది. తూటా తప్పు కాదని తెలిసినప్పుడు తప్పు వెతకాల్సిన చోటు ఒక్కటే మిగులుతుంది.

"దొరకవట్టింది" అన్నాడు జాన్ సార్ గుసగుసగా. "తన తప్పు తానే దొరకవట్టింది."

తొమ్మిది. పది. తొమ్మిది. తొమ్మిది. పది. తొమ్మిది. పది.

ఒక్కటే మిగిలింది. ఏడు వచ్చినా చాలు. కల్యాణికి ఆ లెక్క తెలుసో లేదో. చెయ్యి లేపింది, సగంలో దించేసింది. మనసు కుదరక దించడం చేతకానివాళ్ల పని కాదు, చేతనైనవాళ్ల పని. పెంటయ్య తల ఊపాడు. వదులుగా ఉన్న కట్టను పక్కన పెట్టినట్టే అది. మళ్లీ లేపింది.

పది.

తెర మీద ఐదు వందల నలభై మూడు అని పడింది.

కనకవ్వ కేక సిరిసిల్ల సాంచాల మోతను దాటి వినబడి ఉంటుంది. నరేశ్ బావను కుర్చీతో సహా ఎత్తబోయాడు. నియమాల ప్రకారం చప్పుడు చేయకూడదని ఒక అధికారి వేలు చూపిస్తే, కనకవ్వ ఆయనకే దండం పెట్టి మళ్లీ అరిచింది. కల్యాణి పిస్తోలు ఖాళీ చేసి చూపించి, పెట్టెలో పెట్టి, గీత దాటి వచ్చి నేరుగా తండ్రి కుడిచెయ్యి పట్టుకుంది. ఆ బొటనవేలు మీద ముద్దు పెట్టింది.

"గా వేలుకేమో నా ఉసురు, నీ ముద్దు గూడానా" అంది కనకవ్వ కళ్లు తుడుచుకుంటూ.

జాన్ సార్ పిస్తోలు పెట్టె తాళంచెవి తీసి కల్యాణి అరచేతిలో పెట్టాడు. "ఇది నీదగ్గరనే ఉండనియ్యి. ఇంకొకలకు ఇచ్చే ముచ్చట ఇగ లేదు."

కాసేపటికి దుకాణదారు వచ్చాడు. అతని మొహంలో ఉదయం నాటి నవ్వు లేదు. "పెద్దాయనా, ఆ పెట్టె ఒకసారి చూడొచ్చా?" అని అడిగాడు. పెంటయ్య మూత తీసి చూపించాడు. స్పాంజిలో మిగిలిన తూటాలు నల్లగా, వరుసగా నిలబడి ఉన్నాయి. అతను చూస్తుండగానే ఇంకో ఇద్దరు ఆటగాళ్లు వచ్చి నిలబడ్డారు. తర్వాత మరో నలుగురు. అందరి చేతుల్లోనూ డబ్బాలు.

"అన్నా, మావి గూడ జర చూస్తవా?"

నరేశ్ పక్కనే ఉన్న ఫోటో స్టూడియోకు ఉరికి ఒక అద్దం తెచ్చాడు. పెంటయ్య హాలు మెట్ల మీద ఎండలో కూర్చుని, అద్దం ఒకవైపు కింద జేబులోని అగ్గిపెట్టె పెట్టి, కాలిన పుల్లతో కింది అంచు దగ్గర రెండు గీతలు గీశాడు.

"అగ్గిపెట్టె ఉన్నదా అని అడిగితివి గద పొద్దుగాల" అన్నాడు దుకాణదారుతో. "ఇగో, ఉన్నది."

ముందు నిలబడ్డ కుర్రాడు డబ్బాలోంచి ఒక తూటా తీసి, గట్టిగా ఉందో లేదో చూద్దామని వేళ్ల నడుమ పెట్టబోయాడు.

"ఏయ్!" పెంటయ్య కేక వేశాడు. "బొటనవేలు తియ్యి. వేలుతోటి చూసేది బీడీని. దీన్ని దొర్లనియ్యి, అదే చెప్తది."

మెట్ల కింద వరుస పెరిగింది. కార్ఖానా ముందు గంపలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డట్టే ఉంది. తేడా ఒక్కటే. ఈ వరుసలో ఎవరూ అతని వేలును తిట్టడం లేదు. మొదటి తూటా అద్దం మీద కొడవలి వంపు తిరిగి, రెండు గీతల నడుమకు వచ్చి ఆగింది.

"పాస్" అన్నాడు పెంటయ్య. "తర్వాతది."